పుట్టకముందే మెదడుకు కొలబద్ద.. ఆ పనిలో ఇంజినీర్లకూ చోటుంది

రెండేళ్ల క్రితం ఓ సాయంత్రం అక్క నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. ఐదో నెలలో చేసే టిఫా స్కాన్ రిపోర్టు అది. అందులో ఒక అంకె చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి ఉంది: 10.4 మి.మీ. కింద అక్క మెసేజ్: ‘నువ్వు ఇంజినీరువి కదరా, ఇదేంటో చూసి చెప్పు’.

నేను చదివింది ఈసీఈ. కడుపులో బిడ్డ మెదడు గురించి నాకేం తెలుసు? అయినా అక్క అడిగింది కదా అని వెతకడం మొదలుపెట్టా. మెదడు లోపల ద్రవం నిండిన గదులుంటాయి, వాటిని వెంట్రికల్స్ అంటారు. వాటిలో పెద్దవైన రెండు గదుల వెడల్పును స్కాన్‌లో ఒక నిర్దిష్టమైన చోట కొలుస్తారు. 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే నార్మల్. 10 గానీ, అంతకు మించి గానీ ఉంటే ఇంకా లోతుగా చూడాలి. అక్క రిపోర్టులో ఎక్కువ వచ్చింది 0.4 మి.మీ. ఏ4 కాగితాలు నాలుగు ఒకదానిపై ఒకటి పెడితే దాదాపు అంత మందం. ఆ నాలుగు కాగితాల మందానికి మా ఇంట్లో రెండు వారాలు ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

డాక్టర్ ‘ఫీటల్ ఎంఆర్ఐ’ రాశారు. 22వ వారంలో అక్క ఆ గొట్టంలోకి వెళ్లి, అరగంటకు పైగా ఉండి వచ్చింది. రిపోర్టులో వెంట్రికల్ గురించి రాశాక ఇంకో వాక్యం ఉంది. మిగతా మెదడు నిర్మాణాలన్నీ ‘గర్భస్థ వయసుకు తగ్గట్టుగా ఉన్నాయి’ అని. వెంట్రికల్ కొద్దిగానే పెరిగి, మిగతావన్నీ బాగుంటే చాలామంది పిల్లలకు ఇబ్బంది ఉండదని డాక్టర్ నచ్చజెప్పారు. ఇప్పుడు మా మేనకోడలు ఇల్లంతా పరుగులు పెడుతోంది, అది వేరే సంగతి.

నాకు మాత్రం ఆ వాక్యం దగ్గరే బుర్ర ఆగిపోయింది. ‘వయసుకు తగ్గట్టు’ అని ఎలా తెలుస్తుంది? 22 వారాల మెదడు ఎలా ఉండాలో ఎవరు చూశారు, ఎవరు కొలిచారు? వెతుక్కుంటూ పోతే తేలింది ఏంటంటే.. కొలిచినవాళ్లలో డాక్టర్లతో పాటు కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్, ఫిజిక్స్ వాళ్లూ గట్టిగానే ఉన్నారు. ప్లేస్‌మెంట్ల కోసం తిరుగుతున్న మీకు ఈ సంగతి చెప్పాలనే ఇదంతా.

నార్మల్.. వారానికో తీరు

సుమారు 20వ వారంలో బిడ్డ మెదడు పైభాగం ఉడకబెట్టి పెంకు తీసిన గుడ్డులా నున్నగా ఉంటుంది. పక్కన సిల్వియన్ ఫిషర్ అనే లోతైన గాడి ఒకటి కనిపిస్తుంది తప్ప పెద్దగా ముడతలుండవు. ఆ తర్వాత వారాల్లో ఒక్కో ముడతా ఒక్కో సమయానికి పడుతూ వస్తుంది. నెలలు నిండేసరికి అక్రోట్ గింజలా తయారవుతుంది. అంటే 22వ వారంలో మెదడు నున్నగా ఉంటే అంతా సవ్యం. అదే నునుపు 34వ వారంలో కనిపిస్తే డాక్టర్లు కంగారుపడాల్సిన విషయం. చూసేది ఒకే బొమ్మ, వారాన్ని బట్టి అర్థం తలకిందులైపోతుంది.

వెంట్రికల్ వెడల్పు ఒక రకంగా నయం. సుమారు 14వ వారం తర్వాత కాన్పు దాకా అది పెద్దగా మారదు. అందుకే 10 మి.మీ. అని ఒక్క గీత గీసి వదిలేయగలిగారు. మిగతా వాటికి అలా కుదరదు. మెదడు మొత్తం ఘనపరిమాణం, చిన్నమెదడు సైజు, ముడతల లోతు.. ప్రతి దానికీ వారం వారం వేరే కొలత కావాలి. చిన్నప్పుడు గోడ మీద మన ఎత్తు గీతలు గీసేవారు చూడండి, అలాంటి గోడ ఒకటి కావాలన్నమాట.

ఆ గోడ కట్టడంలో ఒక చిక్కుంది. ఆస్పత్రిలో ఫీటల్ ఎంఆర్ఐకి వచ్చేవాళ్లు ఎవరు? అల్ట్రాసౌండ్‌లో ఏదో అనుమానం తగిలినవాళ్లే. కాబట్టి ఆస్పత్రి సర్వర్లలో పేరుకుపోయిన స్కాన్లన్నీ తెచ్చి సగటు తీస్తే వచ్చేది నార్మల్ కాదు. డేటా సైన్స్ కోర్సులో మనం బట్టీపట్టి వదిలేసే ‘శాంపిల్ బయాస్’ ఇదే. నార్మల్ తెలియాలంటే ఏ సమస్యా లేని గర్భిణులు ముందుకొచ్చి, తమకు అవసరం లేకపోయినా ఆ గొట్టంలో పడుకోవాలి. అలా పడుకున్న తల్లుల పుణ్యమే మా అక్క రిపోర్టులోని ఆ వాక్యం.

కదిలే బిడ్డకు ఫొటో తీసేదెలా?

ఎంఆర్ఐలో ఎక్స్‌రే ఉండదు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు, శరీరంలోని నీటిలో ఉండే హైడ్రోజన్.. ఇవే ముడిసరుకు. ఈసీఈ వాళ్లకు ఒక సరదా లెక్క: 3 టెస్లా మెషీన్‌లో హైడ్రోజన్ స్పందించే ఫ్రీక్వెన్సీ సుమారు 128 మెగాహెర్ట్జ్. మనం వినే ఎఫ్ఎం స్టేషన్లు 108 దగ్గర ఆగిపోతాయి, ఇది ఆ తర్వాతి వీధిలో ఉన్నట్టు లెక్క. 1.5 టెస్లా అయితే సుమారు 64. గర్భిణులకు మామూలుగా గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఇవ్వరు. వెల్లకిలా ఎక్కువసేపు పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడుతుంది కాబట్టి కాస్త ఎడమ పక్కకు వాల్చి పడుకోబెడతారు. ఇంట్లో అమ్మమ్మలు ‘ఎడమ వైపు తిరిగి పడుకోవే’ అనేది కూడా ఇందుకే సరిపోతుంది.

అసలు తలనొప్పి బిడ్డతోనే. ‘కదలకుండా ఉండు’ అని చెప్పడానికి లేదు. 1983లో స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ బృందం గర్భిణుల ఎంఆర్ఐ గురించి ‘లాన్సెట్’లో రాసింది. అప్పట్లో ఒక చిత్రానికి నిమిషాలు పట్టేది. బిడ్డ కదలికలు తగ్గడానికి తల్లికి మత్తు ఇచ్చిన రోజులవి. 1990లలో సింగిల్ షాట్ పద్ధతులు వచ్చాక ఒక్కో స్లైసు ఒక సెకను లోపే తీయడం సాధ్యమైంది. ఆ సెకనులో బిడ్డ కదలకపోతే చాలు, ఆ స్లైసు స్పష్టంగా వస్తుంది.

మరి స్లైసుకీ స్లైసుకీ మధ్య కదిలితే? కుదుపుల బస్సులో కూర్చుని దోసకాయను చక్రాలుగా కోస్తున్నారనుకోండి. ఒక్కో చక్రం బాగానే ఉంటుంది, కానీ ఒకటి ఏటవాలుగా, ఇంకోటి పక్కకు జరిగి తెగుతుంది. వాటిని వరసగా పేర్చితే దోసకాయ రాదు, వంకరటింకర దొంతర వస్తుంది. అందుకే ఒకే మెదడును మూడు దిక్కుల నుంచి, మళ్లీ మళ్లీ స్లైసులుగా తీస్తారు. ఆ కుప్పంతా తీసుకుని, ప్రతి స్లైసూ బిడ్డ తల ఏ భంగిమలో ఉన్నప్పుడు తీసిందో కనిపెట్టే పని సాఫ్ట్‌వేర్‌ది. ఒక్కో స్లైసుకు 6 అంకెలు: ఎటు ఎంత జరిగింది అనేవి 3, ఎటు ఎంత తిరిగింది అనేవి 3. లీనియర్ ఆల్జీబ్రా క్లాసులో ‘ఇది ఎక్కడ పనికొస్తుందిరా బాబూ’ అనుకున్న రొటేషన్ మ్యాట్రిక్స్ అచ్చంగా ఇక్కడే వాడతారు.

అయితే ఇది విత్తు ముందా చెట్టు ముందా వ్యవహారం. స్లైసుల స్థానాలు తెలిస్తేనే పూర్తి మెదడు కట్టగలం. పూర్తి మెదడు తెలిస్తేనే స్లైసు ఎక్కడిదో చెప్పగలం. కాబట్టి ముందు ఉజ్జాయింపుగా ఒక మసక మెదడు కడతారు. దాని నుంచి ‘ఈ స్లైసు ఇలా ఉండాలి’ అని ఊహించి, అసలు స్లైసుతో పోల్చి, తేడాను బట్టి స్థానం సరిచేస్తారు. మళ్లీ కడతారు. బాగా పాడైన స్లైసులను పక్కన పెట్టేస్తారు. ఇలా తిరిగి తిరిగి, చివరికి మిల్లీమీటరు కన్నా సన్నటి వివరాలున్న 3డీ మెదడు తేలుతుంది. దీన్నే ‘స్లైస్ టు వాల్యూమ్ రీకన్‌స్ట్రక్షన్’ అంటారు. దీనికోసం వాడే స్వీఆర్‌టీకే, నిఫ్టీమిక్, నెస్వోర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఓపెన్ సోర్స్. కోడ్ చదువుకోవచ్చు. మొదటిసారి చదివినప్పుడు నాకు సగం కూడా అర్థం కాలేదని ఒప్పుకోవాలి.

ఇది ఆకారం వరకే. డిఫ్యూజన్ ఎంఆర్ఐ అనే ఇంకో పద్ధతిలో నీటి అణువులు ఎటు సులువుగా కదులుతున్నాయో చూసి, నరాల దారులు ఎలా పడుతున్నాయో అంచనా వేస్తారు. ఫంక్షనల్ ఎంఆర్ఐలో రక్తంలో ఆక్సిజన్ మార్పుల ద్వారా మెదడులోని ఏ భాగాలు కలిసి పనిచేస్తున్నాయో చూస్తారు. మోరియా థామసన్ బృందం 2013లో 25 మంది ఆరోగ్యవంతమైన గర్భస్థ శిశువులను ఇలాగే పరిశీలించింది. మెదడు కుడి ఎడమ భాగాల మధ్య అనుసంధానం పుట్టకముందే కనిపిస్తోందని ప్రచురించింది.

81 మంది బిడ్డలు, ఒక అట్లాస్

ఇప్పుడు గోడ మీద గీతల దగ్గరికి వద్దాం. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో అలీ గోలీపూర్ బృందం 81 మంది ఆరోగ్యవంతమైన గర్భస్థ శిశువుల ఎంఆర్ఐలతో 21 నుంచి 38వ వారం వరకు, వారానికొకటి చొప్పున సగటు మెదడు తయారుచేసింది. 2017లో ప్రచురించి, అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. దీన్నే అట్లాస్ అంటున్నారు. భూగోళం అట్లాస్‌లో పేజీ తిప్పితే దేశం మారినట్టు, ఇందులో వారం మారుతుంది.

లండన్‌లో ఇంకా పెద్ద పని జరిగింది. కింగ్స్ కాలేజ్ లండన్, ఇంపీరియల్ కాలేజ్, ఆక్స్‌ఫర్డ్ కలిసి యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ నిధులతో ‘డెవలపింగ్ హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్ట్’ నడిపాయి. సారథులు నలుగురిలో డేనియల్ రూకర్ట్ కంప్యూటింగ్ ప్రొఫెసర్, జో హాజ్నల్ ఇమేజింగ్ సైన్స్ ప్రొఫెసర్. ఒక్క నవజాత శిశువుల విడుదలలోనే 783 మంది పిల్లల డేటా ఉంది. గర్భస్థ శిశువుల స్కాన్లను విడిగా ఇచ్చారు. అంత ఖర్చు పెట్టి తీసిన స్కాన్లను నియమాలకు ఒప్పుకున్న పరిశోధకులెవరైనా వాడుకోవచ్చు. ఇలాంటిది చూసినప్పుడు కాస్త అసూయగానే ఉంటుంది.

వీటివల్ల నిజంగా ఉపయోగం ఉందా అని మీరు అడగొచ్చు, అడగాలి కూడా. బ్రిటన్‌లో ‘మెరిడియన్’ అనే అధ్యయనం 570 గర్భస్థ శిశువుల మీద జరిగింది. అందరికీ అల్ట్రాసౌండ్‌లో మెదడు సమస్య అనుమానం ఉంది. అల్ట్రాసౌండ్ నిర్ధారణ 68 శాతం కేసుల్లో సరైనదని తేలితే, ఎంఆర్ఐ కూడా తీసినప్పుడు అది 93 శాతానికి చేరింది. 2017లో ఈ ఫలితాలు ‘లాన్సెట్’లో వచ్చాయి. ఆ శాతాల మధ్య తేడాలో ఎన్ని ఇళ్ల నిద్రలేని రాత్రులున్నాయో మా ఇంటి అనుభవంతో ఊహించగలను.

ఎవరి నార్మల్?

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది. బోస్టన్, లండన్ తల్లుల బిడ్డలతో గీసిన గీతలు గుంటూరు బిడ్డకు సరిపోతాయా?

పెద్దల మెదడు విషయంలో మన దగ్గర ఒక ప్రయత్నం జరిగింది. ట్రిపుల్ఐటీ హైదరాబాద్‌లో జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థతో కలిసి 100 మంది భారతీయ యువతీ యువకుల ఎంఆర్ఐలతో ‘ఇండియన్ బ్రెయిన్ అట్లాస్’ తయారుచేసి 2019లో వెలువరించింది. సగటున మన మెదడు పాశ్చాత్యుల సగటు కన్నా ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణాల్లో కాస్త చిన్నదని తేలింది. (తెలివితేటలకీ దీనికీ ముడిపెట్టి ఫార్వర్డులు చేయకండి, దయచేసి.) పరాయి అట్లాస్‌తో కొలిస్తే మన మెదడు ‘కుంచించుకుపోయింది’ అని పొరబడే ప్రమాదం ఉందన్నది ఇక్కడ అసలు విషయం.

అయితే వెంటనే ‘గర్భంలోనూ మనం వేరే’ అని తీర్మానించేయకూడదు. నాగ్‌పూర్‌తో సహా 8 దేశాల్లోని నగరాల్లో జరిగిన ‘ఇంటర్‌గ్రోత్-21’ అధ్యయనం దాదాపు దీనికి ఎదురు మాట చెప్పింది. తల్లులు ఆరోగ్యంగా ఉండి, మంచి తిండి, వైద్యం అందితే బిడ్డ ఎదుగుదల అన్నిచోట్లా చాలా దగ్గరగా ఉంటుందని అల్ట్రాసౌండ్ కొలతలతో చూపించింది. మెదడు ముడతల విషయంలో ఈ రెండిట్లో ఏది నిజమో వాదనతో తేలదు. మన దగ్గర, మన తల్లులతో, వారం వారం కొలవాలి.

ఆ దిశలో పక్కనే చెన్నైలో ఒక గట్టి అడుగు పడింది. ఐఐటీ మద్రాస్‌లోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024 డిసెంబరులో ‘ధరణి’ పేరుతో గర్భస్థ మెదడు 3డీ అట్లాస్ విడుదల చేసింది. ఇది బతికున్న బిడ్డల ఎంఆర్ఐ ఆధారంగా చేసింది కాదు. ప్రాణం నిలవని గర్భస్థ శిశువుల మెదళ్లను సన్నటి పొరలుగా కోసి, కణాలు కనిపించేంత వివరంగా 5,132 పొరలను డిజిటల్‌గా మార్చారు. ఎంఆర్ఐలో బూడిదరంగు పట్టీలా కనిపించేది నిజానికి ఏ కణాల గుంపో చెప్పడానికి ఇలాంటిది కావాలి. ఆ సెంటర్ అధిపతి మోహనశంకర్ శివప్రకాశం ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. మీ బ్రాంచి పేరు చూసుకుని వెనకడుగు వేసేముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

నా 98 శాతం కథ

ఫైనలియర్‌లో నా ప్రాజెక్టు కూడా మెదడు ఎంఆర్ఐల మీదే. నెట్‌లో దొరికిన బ్రెయిన్ ట్యూమర్ డేటాసెట్, నాలుగు లైన్ల కోడ్, 98 శాతం యాక్యురసీ. రెజ్యుమెలో బోల్డ్‌లో పెట్టుకున్నా. ఒక ఇంటర్వ్యూలో ప్యానెల్‌లోని మేడమ్ ఒకటే అడిగారు: ‘ట్రెయినింగ్‌కీ టెస్టింగ్‌కీ ఎలా విడగొట్టావు?’ ‘రాండమ్‌గా మేడమ్, 80-20’ అన్నా గర్వంగా. ‘అయితే ఒకే పేషెంట్ స్లైసులు రెండు వైపులా పడి ఉంటాయిగా?’ అన్నారు. నోట మాట లేదు. ఒకే మనిషి మెదడులో పక్కపక్క స్లైసులు కవలల్లా ఉంటాయి. నా మోడల్ ట్యూమర్‌ను కాదు, పేషెంట్‌నే గుర్తుపట్టి ఉండొచ్చు. ఇంటికొచ్చి పేషెంట్ల వారీగా విడగొట్టి మళ్లీ నడిపితే యాక్యురసీ దబ్బున పడిపోయింది. ఉద్యోగం రాలేదు, అది న్యాయమే.

ఈ రంగంలో మిమ్మల్ని అడిగేవి అలాంటి ప్రశ్నలే. జ్యూరిక్‌లోని యూనివర్సిటీ చిల్డ్రన్స్ హాస్పిటల్ వాళ్లు 2021లో ‘ఫెటా’ అనే పోటీ పెట్టారు. గర్భస్థ మెదడు ఎంఆర్ఐలో 7 రకాల కణజాలాలను కంప్యూటర్ తనంతట తానే వేరుచేయాలి. 20 టీమ్‌లు 21 ఆల్గారిథమ్‌లు పంపాయి. అన్నీ డీప్ లెర్నింగే, వాటిలో యూ-నెట్ తరహావే ఎక్కువ. మరుసటి ఏడాది పోటీలో మోడల్ ఎన్నడూ చూడని ఆస్పత్రుల స్కాన్లను కూడా పరీక్షగా పెట్టారు. మెషీన్ కంపెనీ మారితే, సెట్టింగ్ మారితే మోడల్ నిలబడుతుందా అన్నదే అసలు పరీక్ష. రెజ్యుమెలో 98 కన్నా ‘వేరే ఆస్పత్రి డేటా మీద ఇంత తగ్గింది, కారణం ఇది’ అని రాసినవాళ్లను ఎక్కువసేపు కూర్చోబెట్టి మాట్లాడతారు.

మరి ఉద్యోగాలున్నాయా?

సూటిగా చెబుతా. ‘ఫీటల్ ఎంఆర్ఐ ఇంజినీర్’ అని పెట్టి వచ్చే ప్రకటనలు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంత కూడా కనిపించవు. దీన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోమని నేను చెప్పను. కానీ ఇక్కడ నేర్చుకునేవి మెడికల్ ఇమేజింగ్ మొత్తానికీ పనికొస్తాయి. జీఈ హెల్త్‌కేర్, సీమెన్స్ హెల్తినీర్స్, ఫిలిప్స్.. మూడింటికీ బెంగళూరులో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. ఈసీఈ, ట్రిపుల్ఈ వాళ్లకు కాయిల్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ వైపు, సీఎస్ఈ వాళ్లకు రీకన్‌స్ట్రక్షన్, సెగ్మెంటేషన్ వైపు దారులుంటాయి. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ ఇంజినీరింగ్ పేపర్ విడిగా ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగం ఉంది, ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలోనూ ఉంది. బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ చదివేవాళ్లు తమను తాము తక్కువ చేసుకోవద్దు. బిడ్డ కదిలినప్పుడు ఏ స్టాక్ మళ్లీ తీయాలో అప్పటికప్పుడు తేల్చేది కన్సోల్ దగ్గర కూర్చున్న టెక్నాలజిస్టే.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. గర్భస్థ శిశువు లింగాన్ని తెలుసుకోగల ఏ ఇమేజింగ్ యంత్రమైనా మన పీసీపీఎన్‌డీటీ చట్టం కిందికి వస్తుంది, ఎంఆర్ఐ మినహాయింపేం కాదు. అల్ట్రాసౌండ్‌కే ఆ చట్టం అనుకుని ప్రాజెక్టు ప్రపోజల్ రాస్తే ఎథిక్స్ కమిటీ దగ్గరే ఆగిపోతుంది. ఇంకోటి, ఎంత నేర్చుకున్నా సరే.. చుట్టాల స్కాన్ రిపోర్టులకు మీరు అర్థాలు చెప్పకండి. అక్క మెసేజ్‌కి ఆ రాత్రి నేను పంపిన మూడు లింకులు ఆమెను ఇంకా భయపెట్టాయని తర్వాత తెలిసింది.

మొదలుపెట్టడానికి ఫీజు కట్టే కోర్సేం అక్కర్లేదు. ఐటీకే-స్నాప్, 3డీ స్లైసర్ రెండూ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. ఎంఆర్ఐ ఫైళ్లు ఎక్కువగా నిఫ్టీ అనే ఫార్మాట్‌లో ఉంటాయి, పైథాన్‌లో నిబాబెల్ లైబ్రరీతో తెరుచుకుంటాయి. బోస్టన్ అట్లాస్ దింపుకోండి. 21వ వారం ఫైలు, 38వ వారం ఫైలు పక్కపక్కన పెట్టి, ఒకే స్కేల్‌లో చూడండి. తర్వాత మధ్య వారాలు ఒక్కొక్కటే తెరుస్తూ, ఏ వారంలో ఏ గాడి మొదటిసారి కనిపించిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. నాకు ఆ పనికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. 22వ వారం ఫైలు దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను.